బరంపురం నుంచి డబ్లిన్ దాకా: వి.వి. గిరి నేర్చిన పరదేశ పాఠం

గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలలో పరదేశం అనే మాటకు ఒక కాలంలో ఒకటే అర్థం ఉండేది. అది రంగం. గోపాలపురం రేవులో ఓడ ఎక్కి బర్మా దేశపు రంగూను నగరానికి కూలికి వెళ్ళడాన్ని మన పెద్దలు రంగం పోవడం అనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరిట బర్మా ప్రజలు తెలుగు కూలీలందరినీ కోరంగీలు అని పిలిచేవారు. అక్కడి బియ్యపు మిల్లులలో, రేవులలో, రిక్షా బండ్ల ముందు మనవారి చెమట ధారపోసి ఉంది. మరికొందరు గిరిమిట్ ఒప్పందాలపై దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్ళారు.

అదే జిల్లాల నుంచి మరొక ప్రయాణం కూడా సాగేది. కలిగిన కుటుంబాల కుమారులు సీమకు వెళ్ళి, బారిస్టరు పట్టా పుచ్చుకుని, కోటు తొడుక్కుని తిరిగి వచ్చేవారు. కూలివాని ఓడ వేరు, బారిస్టరు ఓడ వేరు. ఒకరి పరదేశం మరొకరికి తెలియదు. ఈ రెండు దారులను తన జీవితంలో కలిపిన మనిషి వరాహగిరి వెంకటగిరి. భారతదేశపు నాల్గవ రాష్ట్రపతిగా ఆయన పేరు పాఠ్యపుస్తకాలలో ఉంది. రాష్ట్రపతి కావడానికి అర్ధశతాబ్దానికి పైగా ముందు, పరాయి దేశపు కళాశాలలో ఆయన ఏమి చదివారు, ఆ చదువును ఏ పనికి వినియోగించారు అన్నది సరిహద్దు కుటుంబాల వారికి ప్రత్యేకించి తెలియవలసిన కథ.

ఇంటి వాతావరణం

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పటికి బరంపురం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి వెంకట జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ ఇంటికే పరిమితమైన ఇల్లాలు కారు. తరువాతి కాలంలో శాసనోల్లంఘన ఉద్యమంలో మద్యనిషేధం కోసం ముందు నిలిచి అరెస్టు అయిన ధీరురాలు.

బరంపురం ఆనాడూ రెండు భాషల ఊరే. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో ఒడియా వినిపించేవి. కచేరీలో ఇంగ్లీషు నడిచేది. సంతకు దిగివచ్చే కొండప్రాంతపు జనుల భాషలు వేరు. ఇటువంటి ఊరిలో పెరిగిన పిల్లవానికి తన మాట ఒక్కటే లోకం కాదన్న సంగతి ఎవరూ ప్రత్యేకించి బోధించనక్కరలేదు. గిరి అక్కడి ఖల్లికోట కళాశాలలో చదివారు. 1913లో, పందొమ్మిదవ యేట, న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమైన డబ్లిన్‌కు బయలుదేరారు.

శాస్త్రంగా ఏర్పడక ముందు

నేడు అంతర్జాతీయ సంబంధాలు అనే పేరుతో కళాశాలలలో ఒక పాఠ్యవిషయం ఉంది. దేశాల మధ్య ఒప్పందాలు, యుద్ధాలు, వాణిజ్యం, వలసలు, ఇతర జాతుల సంస్కృతులు అందులో బోధిస్తారు. గిరి ఓడ ఎక్కిన నాటికి ఆ విషయం ఏ విశ్వవిద్యాలయంలోనూ స్వతంత్ర శాఖగా లేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, మళ్ళీ అంతటి విపత్తు రాకూడదన్న తలంపుతో, 1919లో వేల్స్‌లోని ఎబరిస్ట్విత్ కళాశాలలో దానికి తొలి ఆచార్యపీఠం నెలకొల్పారు. మన దేశంలో ఢిల్లీలోని అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాల 1955లో ప్రారంభమై, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. రాష్ట్రపతి ఆ విశ్వవిద్యాలయానికి విజిటరు కూడా. 1970లో ఆ స్థానంలో ఉన్నది గిరియే. ఆయన విద్యార్థిగా ఉన్న నాటికి లేని శాస్త్రానికి, ఆయన పదవిలో ఉండగా దేశ రాజధానిలో స్థిరమైన ఇల్లు దొరికింది.

పేరుపెట్టి చెప్పే పాఠం లేకపోయినా, 1913 నాటి డబ్లిన్‌లో కళ్ళు తెరచుకుని తిరిగే విద్యార్థికి ఆ శాస్త్రం ప్రతి వీధిలోనూ ఎదురయ్యేది.

తరగతిలోనూ, వీధిలోనూ

ఐర్లండు అప్పుడు బ్రిటిషు సామ్రాజ్యంలో భాగం. మనవలెనే వారూ ఆ కిరీటం కింద ఉన్నవారే. ఒక తేడా ఉంది. భారతీయుడు లండనులో చదివితే పాలకుని ఇంటిలో అతిథిగా ఉంటాడు. డబ్లిన్‌లో చదివితే, పాలితుడైన మరొక జాతి నడుమ ఉంటాడు. తెల్లనివారంతా దొరలే అన్న భావన అక్కడ నిలువలేదు. తెల్లని మనిషి కూడా పేదవాడు కాగలడని, పరాధీనుడు కాగలడని గిరి తన కళ్ళతో చూశారు.

ఆయన కింగ్స్ ఇన్స్ అనే న్యాయవిద్యా సంస్థలోనూ, డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలోనూ చేరారు. న్యాయశాస్త్రం చదివే భారతీయులు ఆ కళాశాలలో ఒక సంవత్సరం తప్పనిసరిగా చదవాలి. 1914-15లో ఆ విధంగా చదివిన మొదటి 13 మంది భారతీయ విద్యార్థులలో గిరి ఒకరు. ఆయన అంతటితో తృప్తిపడక బి.ఏ. ఆనర్సు తరగతులలోనూ చేరారు. ఆంగ్ల సాహిత్యం బోధించినవాడు థామస్ మెక్‌డొనా అనే కవి. అర్థశాస్త్రం బోధించినవాడు ఫాదర్ థామస్ ఫిన్లే అనే జెసూట్ మతాచార్యుడు. ఫిన్లే ఐర్లండు రైతుల సహకారోద్యమానికి పెద్దదిక్కు. చిన్న రైతులు కలిసి పాల కేంద్రాలు పెట్టుకోవడం, దళారి లేకుండా వెన్న అమ్ముకోవడం ఆయనకు గ్రంథస్థ విషయాలు కావు. తాను స్వయంగా పల్లెలలో తిరిగి చేయించిన పనులు.

భాష విషయం మరొకటి. ఇంగ్లీషు ధాటికి ఐరిష్ భాష ఆ దేశంలో చాలా భాగాన మూగపోయింది. దానిని నిలబెట్టడానికి 1893లో గేలిక్ లీగ్ ఏర్పడింది. దాని స్థాపకులలో ముఖ్యుడైన డగ్లస్ హైడ్ గిరి చదివిన కళాశాలలోనే ఐరిష్ భాషాచార్యుడు. ఆ కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి చెందిందో, ఆ ఐర్లండు జాతీయ విశ్వవిద్యాలయం 1913 నుంచి తమ దేశపు విద్యార్థుల ప్రవేశానికి ఐరిష్ భాషాజ్ఞానాన్ని తప్పనిసరి చేసింది. ఇంటి భాష బడిలో లేక, బడి భాష ఇంటిలో లేక పెరిగే సరిహద్దు పిల్లల తల్లిదండ్రులకు ఆ నిర్ణయం వెనుక ఎంత ఆవేదన ఉన్నదో వివరించనవసరం లేదు.

తరగతి గది వెలుపలి పాఠం ఇంకా గంభీరమైనది. 1913 ఆగస్టులో డబ్లిన్ ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. నాయకుడు జేమ్స్ లార్కిన్. సంఘంలో చేరినవారికి పని లేదని యజమానులు తలుపులు మూసివేశారు. సుమారు 20,000 మంది కార్మికులు 1914 జనవరి వరకు వీధిన పడ్డారు. ఇంగ్లండు కార్మిక సంఘాలు ఓడలలో పంపిన ఆహారంతో కుటుంబాలు ప్రాణాలు నిలుపుకున్నాయి. లార్కిన్ పక్కన నిలిచిన మరో నాయకుడు జేమ్స్ కనోలీ. చివరికి కార్మికులు ఓడిపోయారు. కానీ ఆ ఓటమిని చూసినవారికి ఒక సంగతి అర్థమైంది. దేశానికి స్వాతంత్ర్యం రావడం ఒక ఎత్తు, ఆ దేశపు కూలివానికి సంఘం పెట్టుకునే హక్కు రావడం మరొక ఎత్తు. గిరి తరువాతి జీవితమంతా ఈ రెండింటి నడుమనే నడిచింది.

కరపత్రం, గాంధీజీ, తిరుగుబాటు

దక్షిణాఫ్రికాలో భారతీయులపై సాగుతున్న దౌర్జన్యాలను వివరిస్తూ డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఒక కరపత్రం ప్రచురించారు. నాటాల్‌లో గిరిమిట్ ముగిసిన కూలీలపై 3 పౌన్ల తలపన్నుకు వ్యతిరేకంగా 1913లో గాంధీజీ నాయకత్వాన వేలాదిమంది నడిచిన రోజులవి. ఆ కూలీలలో తెలుగువారు ఎందరో. అంటే ఐర్లండులో చదువుకుంటున్న బరంపురం యువకుడు ఆఫ్రికాలో కష్టపడుతున్న తన జిల్లాల కూలివాని కోసం కలం పట్టిన విద్యార్థులలో ఉన్నాడన్నమాట. బ్రిటిషు గూఢచారి శాఖ ఆ కరపత్రాన్ని పట్టుకుంది. గిరిపై, తోటి విద్యార్థులపై పోలీసు నిఘా పెరిగింది.

1914లో యుద్ధం మొదలైన రోజులలో గాంధీజీ లండనులో ఉన్నారు. గిరి అక్కడికి వెళ్ళి ఆయనను కలిశారు. రెడ్‌క్రాస్ సేవాదళంలో చేరమని గాంధీజీ కోరగా తొలుత అంగీకరించి, పిమ్మట మనసు మార్చుకున్నారు. గాంధీజీ ఆయనను ఆ మాట నుంచి విడిచిపెట్టారు. సామ్రాజ్యపు యుద్ధంలో సేవ చేయడం కర్తవ్యమా, కాదా అన్న ప్రశ్నకు ఇరవై యేండ్ల యువకుడు, జాతినాయకుడు వేర్వేరు సమాధానాలు చెప్పుకున్నా, ఇద్దరి మధ్య గౌరవం చెడలేదు.

1916 ఏప్రిల్ 24, ఈస్టరు సోమవారం. డబ్లిన్ నడిబొడ్డున ప్రధాన తపాలా కార్యాలయాన్ని ఆక్రమించి ఐరిష్ తిరుగుబాటుదారులు స్వతంత్ర రిపబ్లిక్‌ను ప్రకటించారు. ఆ ప్రకటనపై సంతకం చేసినవారు ఏడుగురు. వారిలో కనోలీ ఉన్నాడు. గిరికి కవిత్వం పాఠం చెప్పిన మెక్‌డొనా కూడా ఉన్నాడు. ఆరు రోజులలో తిరుగుబాటు అణగిపోయింది. మే 3న మెక్‌డొనాను కాల్చివేశారు. గాయాలతో నిలబడలేని కనోలీని మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చివేశారు. మొన్నటిదాకా తరగతిలో పుస్తకం పట్టుకున్న గురువు నేడు తుపాకీ ముందు నిలిచాడన్న వార్త ఆ విద్యార్థులకు ఎటువంటిదో ఊహించవచ్చు.

తిరుగుబాటు నాయకులతో సంబంధాలున్నాయన్న అనుమానం గిరిపై పడింది. జూలై 1లోగా ఐర్లండు విడిచి వెళ్ళాలని ఉత్తర్వు అందింది. జూన్ 21న ఆయన ఐరిష్ బారిస్టరుగా నమోదయ్యారు. బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు. న్యాయవాద పట్టా చేతికి వచ్చింది, కళాశాల పట్టా రాలేదు. ఆయన జీవితాన్ని మలచినది మాత్రం ఆ పూర్తికాని చదువే.

రైలు కార్మికుల నడుమ

తిరిగి వచ్చిన గిరి న్యాయవాదిగా పని ప్రారంభించారు. 1916లో లక్నో కాంగ్రెసుకు హాజరయ్యారు. అనిబిసెంటు హోంరూలు ఉద్యమంలో చేరారు. 1920లో గాంధీజీ సహాయనిరాకరణకు పిలుపు ఇవ్వగా, పెరుగుతున్న వకీలు వృత్తిని వదిలివేశారు. 1922లో మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా ప్రదర్శన చేసి అరెస్టు అయ్యారు.

ఆయన దృష్టి నిలిచింది మాత్రం రైలు పట్టాలపైన. కలకత్తా నుంచి ఖరగ్‌పూర్, బరంపురం మీదుగా వాల్తేరు వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే నడిచేది. ఆ దారి పొడుగునా కార్ఖానాలలో, షెడ్లలో, స్టేషనులలో బెంగాలీలు, ఒడియావారు, తెలుగువారు, బీహారీలు కలిసి పనిచేసేవారు. ఖరగ్‌పూర్‌లో నేటికీ ఉన్న పెద్ద తెలుగు సముదాయం ఆ రైల్వే పెట్టిన ఊరే. భాషలు వేరైన ఈ కార్మికులను ఒక సంఘంగా కట్టడం సామాన్య విషయం కాదు. గిరి ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించారు. 1923లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరై, దశాబ్దానికి పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు.

ఖరగ్‌పూర్ కార్ఖానాలో కార్మికులను తొలగించడంపై 1927, 28 సంవత్సరాలలో చెలరేగిన ఆందోళనలో ఆయన ముందు నిలిచారు. సమ్మె అహింసాయుతంగా సాగింది. కంపెనీ దిగివచ్చి ఒప్పందానికి రావలసి వచ్చింది. డబ్లిన్‌లో తలుపులు మూసిన యజమానులను, ఆకలితో తిరిగి పనిలో చేరిన కార్మికులను చూసిన మనిషికి, సమ్మె ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడం కంటె ఏ మాట మీద ముగించాలో తెలియడం ముఖ్యమని అర్థమై ఉండాలి. సంఘం బలంగా ఉండాలి, బలంగా ఉన్న సంఘం యజమానితో బల్ల దగ్గర కూర్చోవాలి. ఇదీ ఆయన జీవితాంతం పట్టుకున్న సూత్రం.

జెనీవా బల్ల దగ్గర

1927లో గిరి భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్ళారు. ఆ సభ ఏర్పాటు గమనింపదగినది. ప్రతి దేశం నుంచి ప్రభుత్వ ప్రతినిధులు ఇద్దరు, యజమానుల ప్రతినిధి ఒకరు, కార్మికుల ప్రతినిధి ఒకరు ఉంటారు. నలుగురికీ విడివిడిగా ఓటు ఉంటుంది. సొంత దేశంలో ఓటే లేని కూలివాని తరఫున ఒక మనిషి అక్కడ లేచి, తన ప్రభుత్వానికి వ్యతిరేకంగా సైతం చెయ్యెత్తవచ్చును. రాయబారులు రాజుల కోసమే మాట్లాడిన కాలం పోయి, దేశాల మధ్య సంబంధాలలో పనిచేసే మనిషికి కూడా ఒక కుర్చీ దొరికింది.

1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో కూడా ఆయన పారిశ్రామిక కార్మికుల ప్రతినిధిగా పాల్గొన్నారు. పదిహేను సంవత్సరాల క్రితం దేశం విడిచి పొమ్మన్న ప్రభుత్వమే ఈసారి ఆహ్వానపత్రం పంపింది.

సరిహద్దు కదిలిన నాడు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. బరంపురం మద్రాసు రాజధాని నుంచి విడివడి ఒరిస్సాలో చేరింది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు. గీత కదిలింది. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, రాజకీయ క్షేత్రం మరొక రాష్ట్రంలో ఉండే స్థితి గిరికి ఏర్పడింది. మన పాఠకులలో అనేక కుటుంబాలది ఇదే కథ.

1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలి స్థానం నుంచి మద్రాసు శాసనసభకు పోటీచేసి, సాక్షాత్తు బొబ్బిలి రాజానే ఓడించారు. రాజాగారు అంతకుముందు మద్రాసు ప్రభుత్వానికి అధినేత. ఆ గెలుపు ఉత్తర జిల్లాల రైతులలో ఎంతో కాలం చెప్పుకున్న ముచ్చట. రాజాజీ మంత్రివర్గంలో గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. క్విట్ ఇండియా రోజులలో మళ్ళీ చెరసాల. వెల్లూరు, అమరావతి జైళ్ళలో మూడు సంవత్సరాలు గడిపారు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో తిరిగి కార్మిక శాఖ చేపట్టారు.

కొలంబోలో ఎదురైన పరీక్ష

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే నెహ్రూ ప్రభుత్వం గిరిని సిలోనుకు, అంటే నేటి శ్రీలంకకు, హైకమిషనరుగా పంపింది. డబ్లిన్‌లో మొదలైన చదువుకు అసలైన పరీక్ష ఇక్కడ ఎదురైంది.

సిలోను కొండలలోని తేయాకు, రబ్బరు తోటలలో దక్షిణ భారతం నుంచి వెళ్ళిన కూలీలు, వారి సంతానం ఏడు లక్షలకు పైగా ఉండేవారు. అత్యధికులు తమిళులు. 1947 ఎన్నికలలో వారు ఓట్లు వేసి పార్లమెంటుకు ప్రతినిధులను కూడా పంపుకున్నారు. 1948లో సిలోను ప్రభుత్వం పౌరసత్వ చట్టం చేసింది. తండ్రి, లేదా తాత ముత్తాతలు, ఆ ద్వీపంలోనే పుట్టినట్టు రుజువు చూపాలి. తోటల్లోని లైను ఇళ్ళలో పుట్టిన కూలివానికి జనన పత్రాలు ఎక్కడివి? ఒక్క చట్టంతో వారిలో చాలామంది ఏ దేశానికీ చెందనివారయ్యారు. మరుసటి సంవత్సరం ఓటుహక్కు కూడా పోయింది.

భారత ప్రతినిధిగా గిరి పని చాలా చిక్కైనది. గట్టిగా మాట్లాడితే కొత్తగా స్వతంత్రమైన పొరుగుదేశపు ఆంతరంగిక విషయాలలో పెద్దదేశం జోక్యం చేసుకున్నట్టు అవుతుంది. మౌనం వహిస్తే కూలివాడు అనాథ అవుతాడు. పెద్ద పొరుగును చూసి చిన్న దేశం భయపడడం ఎటువంటిదో ఐర్లండులో చదివినవానికి తెలుసు. ఓడ ఎక్కిన కూలివాని గతి ఏమవుతుందో గంజాంలో పుట్టినవానికి తెలుసు. రెండు పక్షాల బాధా తెలిసినంత మాత్రాన సమస్య పరిష్కారం కాదు. 1951లో ఆయన తిరిగివచ్చేనాటికి అది అట్లాగే ఉంది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం 5,25,000 మందిని భారత్‌కు, 3,00,000 మందిని సిలోనుకు పంచింది. ఎన్నో కుటుంబాలలో అన్న ఒక దేశానికి, తమ్ముడు మరొక దేశానికి చెందారు. మిగిలిపోయినవారికి శ్రీలంక పౌరసత్వం ఇచ్చే చట్టం 2003లో గాని రాలేదు. దేశాల సంబంధాలను చదివే విద్యార్థి గెలిచిన ఒప్పందాలతో పాటు ఇటువంటి పరిష్కారం కాని అధ్యాయాలను కూడా చదవాలి. గీత గీసినవారి కన్న ఆ గీతపై నిలబడిపోయినవారి గాథ అందులో పెద్దది.

పదవిని వదులుకున్న మంత్రి

1952 సాధారణ ఎన్నికలలో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పర్లాకిమిడికి ఆనుకుని ఉన్న ఆ ఊరు సరిహద్దు ఊళ్ళలోకెల్లా సరిహద్దు ఊరు. కేంద్ర కార్మిక మంత్రిగా, యజమానులు కార్మికులు స్వచ్ఛందంగా చర్చించుకుని ఒప్పందానికి రావాలని, ప్రతి తగాదాను ప్రభుత్వం న్యాయస్థానానికి ఈడ్చరాదని ఆయన వాదించారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చివేయగా, 1954లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. న్యాయస్థానపు తీర్పుల మీద ఎక్కువ ఆధారపడరాదన్న మనిషే, ఇచ్చిన తీర్పును కాలరాయరాదని పదవి వదులుకున్నారు. 1957 ఎన్నికలలో ఓడిపోయారు. అనంతరం ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

రెండవ ప్రాధాన్యపు ఓటు

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆకస్మికంగా మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో ఆ పదవిని వదలి స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువారే. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్న ఇందిరాగాంధీ పిలుపుతో కాంగ్రెసు చీలిక బాట పట్టింది.

మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, చింతామణి దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ వచ్చింది. గెలుపుకు 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కించగా గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. రాష్ట్రపతి ఎన్నిక రెండవ ప్రాధాన్యపు లెక్కింపుతో తేలినది ఆ ఒక్కసారే.

ఇందులో ఒక చిత్రమైన సంబంధం ఉంది. మన రాజ్యాంగం ఐర్లండు రాజ్యాంగం నుంచి స్వీకరించిన అంశాలలో ఆదేశిక సూత్రాలతో పాటు రాష్ట్రపతి ఎన్నిక పద్ధతిని కూడా చెబుతారు. రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు 1947లో ఐర్లండు వెళ్ళి డి వలేరాను కలిసి వచ్చారు. ప్రాధాన్య క్రమంలో ఓట్లు వేసే ఆ పద్ధతిలోనే డబ్లిన్ విద్యార్థి రాష్ట్రపతి అయ్యారు. అదే సమయంలో ఐర్లండు అధ్యక్షుడు ఇమన్ డి వలేరా. 1916 తిరుగుబాటులో పాల్గొని మరణశిక్ష తప్పించుకున్న యోధుడు. ఆ యేడాది డబ్లిన్ నుంచి వెళ్ళగొట్టబడిన విద్యార్థి, ఆ యేడాది డబ్లిన్‌లో శిక్షపడిన ఖైదీ, 1969 నుంచి 1973 వరకు ఒకే కాలంలో రెండు రిపబ్లిక్‌లకు అధినేతలుగా ఉన్నారు.

ఎన్నికపై వ్యాజ్యం రాగా 1970లో గిరి సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం ఇచ్చారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి ఆ విధంగా రావడం అదే మొదలు. వ్యాజ్యం కొట్టివేయబడింది.

చివరి చిక్కు

ఆయన రాష్ట్రపతిత్వంపై విమర్శ లేకపోలేదు. ప్రధానమంత్రి పంపిన ప్రతి కాగితంపైనా సంతకం చేశారని విమర్శకులు అన్నారు. మంత్రివర్గ సలహాకు రాష్ట్రపతి బద్ధుడన్నది రాజ్యాంగ మర్యాద అని సమర్థకులు బదులిచ్చారు. ఈ వాదానికి అత్యంత బాధాకరమైన సందర్భం 1974 మే. దేశవ్యాప్తంగా సుమారు 17 లక్షల రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడుగా ఉన్న సమాఖ్య, 1923లో గిరి స్థాపించినవారిలో ఒకరైన సమాఖ్యే. ప్రభుత్వం వేలాదిమందిని నిర్బంధించింది. మే 27న సమ్మె ముగిసింది. రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఒకనాటి ఖరగ్‌పూర్ సమ్మె నాయకుడు. పెద్ద పదవి ఎక్కినవాని చేతులు ఎంతవరకు కట్టుబడి ఉంటాయో తెలుసుకోదలచినవారు ఆ మే మాసాన్ని చదవాలి. ఆయన గొప్పతనాన్ని చెప్పేవారు దీనిని దాచరాదు.

1974 ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న పురస్కారం లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. కార్మిక సమస్యలపై ఆయన రాసిన గ్రంథాలు ఆ రంగపు విద్యార్థులకు చిరకాలం పాఠ్యాలయ్యాయి. నోయిడాలోని జాతీయ కార్మిక అధ్యయన సంస్థ 1995 నుంచి ఆయన పేరుతో నడుస్తోంది.

మన ఇంటి పిల్లలకు

నేడు మన సరిహద్దు ఊళ్ళ నుంచి పిల్లలు చదువు కోసం అమెరికా, ఆస్ట్రేలియా దాకా వెళుతున్నారు. అదే ఊళ్ళ నుంచి కూలి కోసం గల్ఫ్ దేశాలకు, సూరత్ మగ్గాలకు వెళ్ళేవారూ ఉన్నారు. గంజాం స్టేషనులలో సూరత్ రైలు కోసం మూటలతో నిలిచే జనాన్ని చూసినవారికి రంగం రోజులు అంత దూరం అనిపించవు. ఒకే వీధి నుంచి రెండు ప్రయాణాలు ఇప్పటికీ సాగుతున్నాయి.

పరదేశంలో చదివే పిల్లవాడు ఆ దేశపు విశ్వవిద్యాలయాన్ని, జీతాన్ని చూసి రావడం సహజం. ఆ దేశంలో బరువు మోసేవాడు ఎలా బ్రతుకుతున్నాడు, చిన్న భాష మాట్లాడేవాడు ఏమంటున్నాడు, ఆ దేశం తన పొరుగువానితో ఎలా మెలగుతున్నది అన్నవి కూడా చూసి రమ్మని ఇంటి పెద్దలు చెప్పి పంపవచ్చు. రెండు భాషల నడుమ పుట్టిన పిల్లలకు ఆ చూపు కొంత ఇంటిలోనే అబ్బుతుంది. బరంపురం వీధులలో అబ్బిన ఆ చూపుకు డబ్లిన్ పదును పెట్టింది. డబ్లిన్‌లో ఆయన వదిలివచ్చిన బి.ఏ. పట్టా ఎన్నటికీ పూర్తికాలేదు. అక్కడ నేర్చినదానిని ఆయన ఖరగ్‌పూర్ షెడ్లలో, జెనీవా సభలో, కొలంబో కచేరీలో ముప్పైయేండ్లకు పైగా పరీక్షకు పెట్టుకున్నారు. కొన్నిచోట్ల గెలిచారు, కొన్నిచోట్ల ఓడిపోయారు.